ముప్పావు చుట్టు

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నడట. నీ మరిది సంగతి గట్లున్నది" అని మా అత్త గోపమ్మ అంటే నేను పట్టించుకోలేదు. అత్త చెప్పిన ప్రతిదానికీ తలూపితే ఇక కోడలినెందుకయ్యాను? కానీ ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి గుట్ట దిక్కు చూసేసరికి నా చేతిలో సంచి జారిపోయింది. మా మరిది పరశురాములు ఏటవాలు బండ మీద పెళ్ళి మంటపాల్లో పరిచే ప్లాస్టిక్ పచ్చగడ్డి చాప పరిచి, దాని మీద బిందెతో సబ్బునీళ్ళు గుమ్మరిస్తున్నాడు. చాప కింది కొసన, ఎండిపోయిన మా బోరులోంచి పీకిన కేసింగు పైపు, రెండు మొద్దుల మీద పడుకుని ఉంది. వాడి కాళ్ళకు మనిషంత పొడుగున్న రెండు బద్దలు. జీవితంలో మొదటిసారి అత్తతో ఏకీభవించాను.

మాది నకిరేకల్ నుంచి ఆటోలో లోపలికి పోయే ఊరు. కురుమోళ్ళం. గొర్లు, కొంచెం కందిచేను, మా కులదైవం బీరప్ప డోలు, ఇవీ మా ఇంటి ఆస్తులు. మా మామ చెన్నయ్య ఒగ్గుకథ ఎత్తుకుంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెల్లారేదాకా కదలరు. మా ఆయన నాగేందర్‌కు తాళం అంటే తలుపుకు వేసేదే తెలుసు కాబట్టి నిమ్మకాయల డీసీఎం వ్యాను నడుపుకుంటున్నాడు. నేను ఊళ్ళో బడిపిల్లలకు తెలుగు చెబుతాను, ఇంట్లో పెద్దవాళ్ళకు బుద్ధులు చెబుతాను. డోలు మాత్రం చిన్నకొడుకు పరశురాములు మెడలో పడింది.

వాడు గజ్జెలు కట్టుకుని, డోలు కొడుతూ గిర్రున తిరిగితే చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. నా పెళ్ళిలో నేను పెళ్ళికొడుకు కన్నా వాణ్ణే ఎక్కువ చూశాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆయన ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

తెలంగాణ వచ్చాక ఒగ్గు డోలు బృందాలకు ఇతర రాష్ట్రాల నుంచి కూడా పిలుపులు మొదలయ్యాయి. అట్లా ఒక చలికాలం మావాళ్ళు హిమాలయాల్లో ఏదో చిన్న పట్నానికి వెళ్ళారు. అక్కడ మంచులో జాతరట. మా మామకు గొంతు పట్టేసింది, డోలు తోలు బిగుసుకుపోయింది, అందరూ ముక్కులు తుడుచుకుంటూ కూచున్నారు. పరశురాములు మాత్రం తాషి అనే పిల్లగాణ్ణి చూసి నోరు తెరిచాడు. ఆ పిల్లగాడు స్కీలనే బద్దలు కట్టుకుని మంచు మీద జారుతూ వచ్చి, గాలిలోకి ఎగిరి, గిర్రున తిరిగి, ఒక ఇనుప కమ్మీ మీద అడ్డంగా దిగి, దాని పొడుగునా సర్రున జారిపోయాడట.

ఊరికి వచ్చాక నాకు అదే పనిగా చెప్పడం. "వదినా, గాల్ల తిరిగిండు! తిరిగి, కమ్మీ మీద అడ్డంగ నిలబడ్డడు! జారుతనే ఉన్నడు! నాకు నవ్వాగలే, ఏడుపాగలే. తిరుగుడు నాకు రాదా వదినా? నడక కంటె ముంగట నేర్చుకున్న గదా!"

"నడక ఎప్పుడు నేర్చుకుంటవో చెప్పు, పండుగ చేస్త" అన్నాను.

అక్కడున్న వారం రోజులూ తాషి వెంట తిరిగి, జారడం, పడడం, లేవడం నేర్చుకున్నాడు. వచ్చేటప్పుడు వాడి పాత స్కీలూ, బండరాళ్ళలాంటి బూట్లూ తెచ్చుకున్నాడు. బదులుగా ఏమిచ్చాడని అడగండి. మా మామ గొంగడి! మా గొర్ల బొచ్చుతో నేయించిన నల్ల గొంగడి, వానకు తడవనిది. ఆ సంగతి ఇంటికొచ్చాక బయటపడింది.

"గొంగడి ఇచ్చి కట్టెలు తెస్తవారా? గుట్టెక్కితె కట్టెలు దొరకవారా?" అని మామ అరిస్తే దొడ్డిలో గొర్లు లేచి నిలబడ్డాయి.

"గవి కట్టెలు కావు బాపూ, స్కీలు."

"ఏమన్నా గానీ. చలికాలమొస్తే నేను గవే కప్పుకోవాల్నా?"

మంచు లేని ఊళ్ళో స్కీలు ఎందుకని మీరు అడగవచ్చు. ఊరంతా అదే అడిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి కదా. మా ఆయనతో నకిరేకల్ ఫంక్షన్ హాలు వాళ్ళు పారేసిన పచ్చ చాపలు డీసీఎంలో తెప్పించాడు. సబ్బునీళ్ళు చల్లితే అవి బాగానే జారాయి. మొదట తిన్నగా జారడం. తర్వాత ఎగిరి పైపు మీద అడ్డంగా దిగడం. ఎడమ కాలూ కుడి కాలూ సమంగా బరువు మోయాలి, మోకాళ్ళు వంగాలి, వెనక్కి వాలితే నడుము పోతుంది. కొన్ని వారాలకు అది వచ్చేసింది. పైపు మీద అడ్డంగా నిలబడి జారుతూ పొలికేక పెడితే అవతలి చేన్లో కలుపు తీసేవాళ్ళు కొడవళ్ళు ఊపేవాళ్ళు. ఆ కేక వింటే నాకూ పట్టరాని సంతోషం కలిగేది. కాకపోతే పైకి చెప్పలేదు. చెబితే ఇంట్లో పనికి దొరకడు.

అసలు కష్టం గాలిలో తిరిగి దిగడంతో వచ్చింది. ఆ ఆటలో చాపకూ పైపుకూ మధ్య ఎగిరి, ముప్పావు చుట్టు తిరిగి, పైపు మీద అడ్డంగా దిగాలి. ముప్పావే. పూర్తిగా తిరిగితే స్కీలు మళ్ళీ ముందుకు చూస్తాయి, పైపు రెండు కాళ్ళ నడుమ ఉంటుంది. తర్వాత ఏమవుతుందో ఆడవాళ్ళం ఊహించగలం, మగవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. మావాడు ఎగిరిన ప్రతిసారీ పూర్తి చుట్టే తిరిగాడు. ప్రతిసారీ గుట్ట మీద నుంచి ఒక కేక వచ్చేది, అది సంతోషపు కేక కాదు.

మోచేతులు గీరుకుపోయి వచ్చి పసుపు రాయమనేవాడు. "మండుతాంది అమ్మా, మెల్లగ" అంటే మా అత్త, "గొంగట్ల తినుకుంట బొచ్చు ఏరితె ఎట్లరా? బండ మీద పడేటోనివి, మండదా మరి?" అని ఇంకొంచెం గట్టిగా రుద్దేది.

వీడియో తీసి తాషికి పంపితే వాడు హిందీలో ఒక్కటే మాట చెప్పాడట, ఎక్కువ తిరుగుతున్నావు, ముందే ఆగు అని. ఆగు అంటే ఆగడానికి అదేమైనా బస్సా? ఆదివారం నాడు వాకిట్లో సుద్దముక్కతో నాలుగు దిక్కులూ గీశాను. "ఇక్కడ మొదలు. కుడికి తిరిగి, ఇక్కడ ఆగాలి" అని నాలుగో గీత చూపించాను. వాడు తిరిగాడు, మొదటి గీత దగ్గరే వచ్చి ఆగాడు. మళ్ళీ తిరిగాడు, మళ్ళీ అక్కడే. "కండ్లు పోయినయా?" అని నేను కొంగు దోపుకుని తిరిగి చూపించాను. ముప్పావు దగ్గర ఖచ్చితంగా ఆగాను. ఆగాక భూమి ఆగలేదు. తూలిపోయి రుబ్బిన పిండి గిన్నెలో చెయ్యి పెట్టాను. మా అత్త పడీ పడీ నవ్వి, "జరుగుండ్రి, మీకేం రాదు" అని తనూ తిరిగింది. మా ఆయన అప్పుడే డీసీఎం దిగి వచ్చాడు. వాకిట్లో తల్లి, పెళ్ళాం, తమ్ముడు ముగ్గురూ బొంగరాల్లా తిరుగుతుంటే చూసి వెనక్కి తిరిగి వెళ్ళి బండెక్కాడు.

కళ్ళు తిరగడం తగ్గాక, స్తంభం పట్టుకుని మా అత్తే అసలు సంగతి చెప్పింది. "వాడెట్ల ఆగుతడే లక్ష్మీ? దేవుని ముంగట డోలు తిరిగేటోడు దేవుని దిక్కు మొగం పెట్టే ఆగాలె. పక్కకు ఆగితె దేవునికి భుజం సూపినట్టు గాదా? నడుములు ఇరగ్గొట్టి నేర్పిండ్రు వానికి గది."

అదీ మర్మం. ఒగ్గుడోలు తిరిగేవాడు చుట్టు సగంలో ఆపితే తప్పు. ముప్పావులో ఆపితే అంతకన్నా తప్పు. చిన్నప్పటి నుంచి వాడి ప్రతి చుట్టూ ఎదురుగానే ముగిసింది. ఇప్పుడు పైపు మీద కూడా వాడి ఒళ్ళు మర్యాద పాటిస్తోంది. ఇంత మర్యాదస్తుణ్ణి నేనెక్కడా చూడలేదు.

అయితే దేవుణ్ణే పక్కకు జరుపుదాం అనుకున్నాడు పరశురాములు. కుడికి ముప్పావు తిరిగితే మొహం ఎడమ పక్కకు వస్తుంది. కాబట్టి పైపుకు ఎడమ పక్కన తుమ్మ చెట్టుకు దేవుడి క్యాలెండరు వేలాడదీసి, దండం పెట్టుకుని ఎగిరాడు. పూర్తి చుట్టే తిరిగాడు. "క్యాలెండర్ల దేవుణ్ణి నా ఒళ్ళు నమ్ముతలేదు వదినా" అని నేల మీద పడుకునే చెప్పాడు.

ఇంతలో బీరప్ప పండుగ దగ్గర పడింది. డోళ్ళ సాధన మొదలైంది. పరశురాములు కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. గజ్జెలు ఒక కాలికి మోగుతున్నాయి, ఇంకో కాలికి మూలుగుతున్నాయి. మా మామ కథ ఆపేశాడు. అందరి ముందే తీర్పు చెప్పాడు.

"పండుగ ముంగటి ఆదివారం నేను గుట్ట కాడికి వస్త. నా కండ్ల ముంగట గాల్ల తిరిగి, గా పైపు మీద ఈ కొసకెంచి ఆ కొస దాక నిలబడి సూపియ్యి. సూపిస్తివా, నీ ఇష్టం, ఆడుకో. లేకుంటె గా కట్టెలు అటుక మీదికి, మల్ల దిగవు. అట్ల గాదు, ఎట్లన్న ఆడుత అంటవా, డోలు ఐలేశం మెడలకు."

ఐలేశం అంటే మా మామ అన్న కొడుకు. మంచివాడే, కానీ డోలు పేరెత్తగానే మెడ సాపు చేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. పరశురాములు మొహం చూస్తే ఏడుపొచ్చింది. డోలు లేకుండా వాడు అన్నం తినలేడు, ఆ పైపు లేకుండా నవ్వలేడు. రెండిట్లో ఏదో ఒకటి వదులుకొమ్మంటే ఎవరికి చేతనవుతుంది?

ఆ వారమంతా బడి వదలగానే నేనూ గుట్ట ఎక్కాను. బిందెలతో నీళ్ళు పోశాను, తిట్టాను, బతిమాలాను. వాడు ఎగిరాడు, తిరిగాడు, పడ్డాడు. శుక్రవారం సాయంత్రం మరో దూకుడుకు కిందికి జారుతున్నాడు. చాప కొసన ఎగిరాడు. సరిగ్గా అప్పుడే మా మామ గొర్లను తోలుకుని ఎడమ పక్క బాట వెంట వస్తూ, ఒక గొర్రె కనబడక చిరాకుగా, "ఒరే పరశా!" అని కేక వేశాడు.

గాలిలో ఉన్నవాడు ఆ కేక దిక్కుకు మొహం పెట్టి ఆగాడు. పైపు మీద. అడ్డంగా. ఒక్క క్షణమే. "ఆఁ బాపూ" అని జవాబు కూడా చెప్పాడు. తర్వాత తాను నిలబడ్డట్టు తెలిసి బిత్తరపోయి వెల్లకిలా పడ్డాడు. మా మామ చూడలేదు. అప్పటికే వెనక్కి తిరిగి గొర్రె కోసం పొదలు వెతుకుతున్నాడు.

పరశురాములు పడినచోటి నుంచి లేవకుండా నవ్వడం మొదలుపెట్టాడు. నెత్తికి దెబ్బ తగిలిందేమోనని నేను పరుగెత్తాను. "దేవుడు గాదు వదినా! నేను గిన్నేండ్లు దేవుడనుకున్న. దేవునికీ నాకూ నడుమ నిలబడేది ఎవరు? బాపే గదా! నా ప్రతి చుట్టు బాపు ఈపు కాడ ఆగుతది. నా ఒళ్ళు బాపును ఎతుకుతాంది వదినా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్ళనిండా నీళ్ళు.

"అయితే పోయి బాపును పక్కకు నిలబడమని అడుగు."

"వామ్మో, నేనడగ. నువ్వడుగు."

గాలిలో పల్టీలు కొట్టే ధైర్యం ఉన్నవాడికి తండ్రితో ఒక్క మాట చెప్పే ధైర్యం లేదు. ఇద్దరూ ఇద్దరే. నేనూ రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఆదివారం దాకా నెట్టాను.

ఆదివారం గుట్ట కింద సగం ఊరు చేరింది. బండల మీద పిల్లలు, చింతకాయలు నంజుకుంటూ ఆడవాళ్ళు. ఐలేశం తొందరపాటుతో డోలు మెడలో వేసుకునే వచ్చాడు. నేను చూసిన చూపుకు డోలు వెనక దాక్కోవాలనుకున్నాడు. మా అత్త బండారి, అదే బీరప్ప పసుపు, తెచ్చి పైపుకు పూయబోయింది. "అమ్మా, పూస్తె జారది!" అని పరశురాములు మొత్తుకుంటే స్కీలకు బొట్లు పెట్టి సరిపెట్టుకుంది. మా మామ తలపాగా చుట్టుకుని వచ్చి, తిన్నగా పైపు అవతలి కొసన, ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామా, జర గీ ఎడమ పక్కకు నిలబడుండ్రి" అన్నాను.

"ఏ? తీర్పు చెప్పేటోనికి నువ్వు జాగా సూపిస్తవా?" అని గొణిగాడు కానీ కదిలాడు. ఎడమ పక్క తుమ్మ చెట్టు కింద నిలబడ్డాడు. నోరు మాత్రం బిగించాడు.

పరశురాములు జారాడు, ఎగిరాడు, తిరిగాడు. పూర్తి చుట్టు. ధడేలుమని పడ్డాడు. జనం ఒకటే నవ్వు. మామ మొహంలో ఏ మార్పూ లేదు. "అయిపాయె" అన్నాడు. అంతే, పరశురాములు కూచుని బూటు పట్టీలు ఊడదీయసాగాడు.

నా ఓపిక తెగిపోయింది. కోడలినన్న మాట కూడా మరిచిపోయాను. "మామా! నువ్వు నోరు మూసుకుని నిలబడితె వాడెట్ల ఆగుతడు? వాడు దేవుని కాడ ఆగుతలేడు. నీ కాడ ఆగుతడు. పుట్టినకాడికెంచి నీ గొంతు ఏడుంటే గాడ ఆగుడే వానికి తెలిసింది. పిలువు! కొడుకును పిలువుమంటున్న!"

మామ నన్ను చూశాడు. కొడుకును చూశాడు. ఆ పిల్లగాడు పట్టీ చేతిలో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. మామ రెండు అంగల్లో ఐలేశం దగ్గరికి వెళ్ళి, వాడి మెడలోని డోలు గుంజి తన మెడలో వేసుకున్నాడు. తుమ్మ చెట్టు కిందికి తిరిగి వచ్చి నిలబడి పుల్ల ఎత్తాడు.

"పట్టీలు బిగియ్యిరా. ఎక్కు గుట్ట."

డోలు మోగింది. మామ గొంతెత్తి బీరప్ప కథ మొదటి పిలుపు అందుకున్నాడు. ఆ గొంతుకు మా గుట్టలోని బండలు కూడా లేచి కూచుంటాయనిపించింది. పరశురాములు పైనుంచి జారాడు. చాప సర్రుమంది. ఎగిరాడు. భుజాలు తిరిగాయి, నడుము తిరిగింది, కాళ్ళు వాటి వెనక వచ్చాయి. సగం, ముప్పావు. "బీరన్నా!" అని మామ పిలిచాడు. వాడు ఆగాడు. పైపు మీద అడ్డంగా, మోకాళ్ళు వంచి, మొహం నిండా నవ్వుతో, తండ్రి కళ్ళలోకి చూస్తూ, ఆ కొస నుంచి ఈ కొస దాకా జారాడు. పైపు ఎక్కడ అయిపోతుందో చూసుకోవాలన్నది మాత్రం మరిచిపోయాడు. కొస దాటి కిందున్న గడ్డివాములోకి వెళ్ళి పడ్డాడు. రెండు బద్దలు మాత్రం బయటికి నిక్కి ఉన్నాయి.

జనం చేసిన గోల నకిరేకల్ దాకా వినబడి ఉంటుంది. నేను ఎగిరాను, మా అత్త ఎగిరింది, మా ఆయన, అవును మా ఆయనే, తాళం లేకుండా చప్పట్లు కొట్టాడు. ఐలేశం అయితే వెళ్ళి తమ్ముణ్ణి గడ్డిలోంచి కాళ్ళు పట్టి లాగాడు. మామ ఒక్కడే కదలలేదు. డోలు మీద పుల్ల ఆగిపోయింది.

పరశురాములు గడ్డి దులుపుకుంటూ వచ్చి భయం భయంగా, "బాపూ, నిలబడ్డనా?" అన్నాడు.

"నువ్వు గిట్ల తిరుగుతవారా?" అన్నాడు మామ. "డోలు నేను నేర్పితి, తిరుగుడు మా అన్న నేర్పె. కథ చెప్పేటోన్ని, ఎప్పుడూ ముంగటనే నిలబడితి. నా ఎనుక నీ గజ్జెలు ఇన్న, జనం ఈలలేస్తె ఇన్న. ఫోన్ల సూపిస్తరు గనీ గది బొటనవేలంత ఉంటది. నేనెన్నడు సూడలే బిడ్డా నిన్ను."

వాడు మెల్లగా తండ్రి మెడలోంచి డోలు తీసి తన మెడలో వేసుకున్నాడు.

ఆ పండుగనాడు ఒగ్గుకథ నడిమధ్యలో, డోళ్ళు చుట్టు అందుకోగానే మా మామ టక్కున కథ ఆపి, జనానికి వీపు చూపించి వెనక్కి తిరిగాడు. ముందు వరసలో కూచున్న పెద్దమనుషులు, "చెన్నయ్యా, గదేంది, కథ చెప్పవయ్యా!" అని గోల పెట్టారు.

"ఆగుండ్రి జర" అన్నాడు మామ, తల తిప్పకుండానే. "నా కొడుకు తిరుగుతాండు."